గాజు కప్పా, పాలీకార్బొనేట్ కప్పా? ముందు మే నెలని అడగండి

పెరట్లో ఒక చిన్న గ్రీన్‌హౌస్ కట్టుకుందామనే సరదా పుట్టడానికి పెద్ద కారణాలక్కర్లేదు. కొంత మిద్దెతోటల వీడియోల పుణ్యం, కొంత అమెరికాలో ఉంటున్న పిల్లలు పంపే ఫొటోల పుణ్యం. సరదా పుట్టాక వచ్చే మొదటి ప్రశ్న మాత్రం ఎక్కడైనా ఒకటే: కప్పు గాజుతో వేయించాలా, పాలీకార్బొనేట్ షీటుతో వేయించాలా? ప్రశ్న మంచిదే. కాకపోతే అది చలిదేశంలో పుట్టి పెరిగిన ప్రశ్న. రాజమండ్రిలో రైలు దిగేసరికి దానికి చెమటలు పడతాయి.

చలిదేశంలో గ్రీన్‌హౌస్ చేసే పని తేలిగ్గా చెప్పొచ్చు. బయట మంచు, లోపల వెచ్చదనం. ఆ వెచ్చదనాన్ని పోనివ్వకుండా వెలుతురుని మాత్రం రానివ్వాలి. గోదావరి డెల్టాలో జనవరి తెల్లవారుజామున కూడా 18, 20 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. ఆ చలికి మంకీ క్యాపు పెట్టుకునేది మనమే గాని మన మందారం కాదు. మొక్కకి ఇక్కడ కష్టకాలం మే నెల. పడమటి గాలి తిరిగిందంటే 40 డిగ్రీలు దాటడం మామూలు. రోహిణి కార్తెలో ఇంకా పైకి. ఆ తర్వాత వానలు, ఆ తర్వాత తుపాన్లు. అంటే ఇక్కడ పందిరి కాపాడాల్సింది చలి నుంచి కాదు. ఈ ఒక్క సంగతీ గుర్తుంటే సగం ఎంపిక అయిపోయినట్టే.

చరిత్రలో ఒక తమాషా ఉంది. బ్రిటన్‌లో గాజు మీద పన్ను ఉండేది. 1845లో దాన్ని ఎత్తేశారు. గాజు చవకయ్యేసరికి అక్కడి కలవారికి అద్దాల మేడల పిచ్చి పట్టింది. లండన్ దగ్గర క్యూ తోటలో 1844 నుంచి 1848 దాకా కట్టిన పామ్ హౌస్, 1851లో హైడ్ పార్కులో లేచిన క్రిస్టల్ ప్యాలెస్ ఆ కాలానివే. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1847 నుంచి 1852 దాకా, ఇక్కడ ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట కట్టిస్తున్నాడు. వాళ్లు అక్కడ వేడిని నిలవేసుకునే పనిలో ఉంటే, ఇక్కడ నీళ్లని నిలవేసుకునే పని జరుగుతోంది. ఎవరికి ఏది కరువో దాన్నే కదా నిలవేసుకుంటారు. ఆ పామ్ హౌస్‌లో బొగ్గు కాల్చి సాకిన మొక్కలేవయ్యా అంటే తాటి జాతివీ, అరటీ, కొబ్బరీ లాంటివి. మన కాలవగట్టు మీద ఎవరూ పట్టించుకోకపోయినా పెరిగే సరుకు. అక్కడ అద్దాల మేడలో రాజభోగం అనుభవించే కొబ్బరి, ఇక్కడ అద్దాల మేడ కడితే దాని నెత్తిన పడుతుంది. దాని సంగతి తర్వాత.

గ్రీన్‌హౌస్ ఎందుకు వేడెక్కుతుందన్న దానికి బడిలో చెప్పే జవాబు ఒకటుంది. ఎండ లోపలికొస్తుంది, నేల వేడెక్కి పరారుణ కిరణాలు విడుస్తుంది, గాజు వాటిని బయటికి పోనివ్వదు అని. అబద్ధం కాదు గాని, అసలు కారణం అది కాదు. 1909లో ఆర్.డబ్ల్యు. వుడ్ అనే అమెరికా భౌతికశాస్త్రవేత్త రెండు చిన్న పెట్టెలు తీసుకుని ఒకదానికి గాజు, ఇంకోదానికి పరారుణాన్ని పోనిచ్చే రాతి ఉప్పు పలక మూతగా పెట్టి ఎండలో ఉంచాడు. రెండూ దాదాపు ఒకేలా వేడెక్కాయి. వేడెక్కిన గాలి పైకి లేచి పోకుండా మూత అడ్డుపడటమే అసలు కిటుకని దాంతో తేలింది. మన పెరటికి దీని అర్థం ఏమిటంటే, గాజైనా పాలీకార్బొనేటైనా, నాలుగు వైపులా మూశారంటే ఒకటే పొయ్యి. పక్కలు తెరిచి ఉంచారంటే రెండూ సహించదగ్గవే.

ఎంత పొయ్యో లెక్క చూద్దాం. మే నెల మిట్టమధ్యాహ్నం చదరపు మీటరు మీద పడే ఎండ సుమారు 1000 వాట్లు. రెండు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల పొడవు గూడు అనుకుంటే ఆరు చదరపు మీటర్లు, అంటే 6000 వాట్లు. ఆరు ఇస్త్రీ పెట్టెలు ఒకేసారి ఆన్ చేసి ఆ గదిలో పెట్టినట్టు. నాలుగు మిల్లీమీటర్ల గాజు ఇందులో పదింట తొమ్మిది వంతులు లోపలికి వదులుతుంది. ఆరు మిల్లీమీటర్ల ట్విన్‌వాల్ షీటు, అంటే మధ్యలో గాలి గదులుండే రెండు పొరల పాలీకార్బొనేట్, పదింట ఎనిమిది వంతులు వదులుతుంది. ఈ తేడా చూపించి షీటు అమ్మేవాడు చల్లదనం అంటాడు, గాజు అమ్మేవాడు వెలుతురు అంటాడు. అయిదు ఇస్త్రీ పెట్టెల దగ్గర నిలబడ్డ మొక్కకి ఈ వాదన మీద పెద్ద ఆసక్తి ఉండదు.

పైగా షీటు అమ్మేవాళ్లు గొప్పగా చెప్పే ఇన్సులేషన్ గుణం ఇక్కడ తిరగబడుతుంది. వేడి ఎంత తొందరగా దాటిపోతుందో చెప్పే యూ విలువ ఒంటి గాజుకి 5.7 దాకా, ఆరు మిల్లీమీటర్ల ట్విన్‌వాల్‌కి 3.6 దగ్గర ఉంటుంది. చలి రాత్రి ఇది వరమే. మే మధ్యాహ్నం లోపల బయటికంటే వేడిగా ఉన్నప్పుడు, బయటికి పోవాల్సిన వేడిని ఆపి ఉంచేది కూడా ఈ గుణమే. దుకాణంలో ఇచ్చే కాగితం మీద ఈ ముక్క ఉండదు.

ఫ్యాన్లు, తడి ప్యాడ్లు పెట్టి చల్లబరిస్తే సరిపోదా అనొచ్చు. అనంతపురంలో అయితే కొంతవరకు సరే. నీరు ఆవిరైతేనే చల్లదనం. గాలి అప్పటికే తడిగా ఉంటే నీరు ఆవిరి కాదు. సముద్రపు గాలి తిరిగిన రోజు 34 డిగ్రీల ఎండా, 75 శాతం తేమా ఉన్నాయనుకోండి. ఎంత మంచి ప్యాడ్ అయినా మూడు నాలుగు డిగ్రీలకు మించి తగ్గించలేదు. ఆ మూడు నాలుగు డిగ్రీల కోసం నెలనెలా కరెంటు బిల్లు కట్టడం మొక్కల మీద ప్రేమే గాని, తోటపని కాదు.

ఇక్కడ ఒకసారి కడియం వెళ్లొద్దాం. కడియపులంక, వేమగిరి, బుర్రిలంక, వీరవరం, పొట్టిలంక, జేగురుపాడు... జాతీయ రహదారికి అటూ ఇటూ, కాలవల వెంట, మొక్కలే పంటగా బతికే ఊళ్లు. దేశమంతా లారీల్లో మొక్కలు పంపే ఈ ఊళ్లలో కంటికి ఎక్కువగా కనిపించేది ఆకుపచ్చ షేడ్‌నెట్. రోజంతా మొక్కలతో బతికేవాళ్లు నెత్తిమీద వేసుకున్నది అద్దమూ కాదు, షీటూ కాదు, వల. ఎండని సగానికి తగ్గిస్తుంది, గాలిని ఆపదు, తుపాను వస్తే విప్పి చుట్టి పెట్టేయొచ్చు. కొమ్మ కటింగులు వేరు పట్టాల్సిన చోట మాత్రం దాని కింద పొట్టి పాలిథిన్ గూడు వేసి తేమ నిలుపుతారు. ఎండని పైన వలతో ఆపి, తేమని కింద పాలిథిన్‌తో పట్టుకోవడం అన్నమాట. రెండు పనులకి రెండు వస్తువులు. ఒక్క అద్దంతో రెండూ చేయిద్దామని చూడకపోవడంలోనే వాళ్ల తెలివి ఉంది.

షేడ్‌నెట్ 35, 50, 75 శాతం నీడల్లో దొరుకుతుంది. కూరగాయల నారుకి 35 నుంచి 50 చాలు. ఆంథూరియం, ఆర్కిడ్ లాంటివాటికి 75. వలని షీటు కింద కాకుండా షీటుకి పైన, ఒక అడుగు ఎత్తులో కట్టాలి. లోపలికొచ్చాక ఆపిన ఎండ అప్పటికే లోపల వేడైపోయింది; బయటే ఆపితే ఆ వేడిని గాలి పట్టుకుపోతుంది. ఈ చిన్న విషయం పాటిస్తే గాజుకీ పాలీకార్బొనేట్‌కీ మధ్య ఉన్న తేడా కంటే ఎక్కువ మేలు జరుగుతుంది. ఖర్చూ తక్కువే. అందుకే కాబోలు, ఎవరూ దీన్ని అమ్మజూపరు.

మరి గట్టి కప్పుతో పనే లేదా? ఉంది, వాన కోసం. అడీనియం, కాక్టస్ కుండీలు జూలై నుంచి అక్టోబరు దాకా రోజూ తడిస్తే దుంప కుళ్లిపోతుంది. గులాబీ ఆకుల మీద నల్లమచ్చ తెగులు తడి ఆకునే వెతుక్కుంటుంది. కొత్తగా మొలిచిన వంగ, మిరప నారుని ఒక్క జడివాన నేల కరిపించేస్తుంది. వల వానని ఆపదు, సన్న చినుకుని పెద్ద బొట్లు చేసి ఇంకా గట్టిగా కొట్టిస్తుంది. ఇక్కడ కావాల్సింది పక్కలన్నీ తెరిచి, పైన మాత్రం వెలుతురుని రానిచ్చే కప్పు. గ్రీన్‌హౌస్ కాదు, వాన పందిరి. ఆ పందిరికి గాజా, పాలీకార్బొనేటా అన్న ప్రశ్న ఇప్పుడు సరైన చోట పడింది.

గాజుకి న్యాయంగా దక్కాల్సిన మెచ్చుకోలు ముందు చెబుతాను. గాజు పసుపెక్కదు. ఎండకి ముసలిదవదు. గీత పడటం తక్కువ, సబ్బునీళ్లతో ఎన్నేళ్లయినా తళతళలాడుతుంది. సరిగ్గా అమర్చిన గాజు మన తర్వాతి తరం దాకా ఉంటుంది. ఈ సుగుణాలన్నీ నిలబడాలంటే మాత్రం దాని కింద నేల కదలకూడదు, పైన ఆకాశం నుంచి ఏమీ పడకూడదు. డెల్టాలో ఈ రెండు షరతులూ ఒకేచోట కుదరడం అరుదు.

నేల సంగతి చూడండి. డెల్టాలో చాలాచోట్ల నల్లమట్టి. వానాకాలం ఉబ్బుతుంది, వేసవిలో బీటలు వారి కుంచించుకుపోతుంది. దాని మీద తేలిగ్గా పాతిన ఇనుప చట్రం ఏటా కొంచెం అటూ ఇటూ ఒరుగుతుంది. షీటు ఆ ఒరుగుడుని సర్దుకుంటుంది. గాజు సర్దుకోదు, ఒక మూల ఒత్తిడి పడితే ఏ రాత్రో టప్‌మని పగులుతుంది. నాలుగు మిల్లీమీటర్ల గాజు చదరపు మీటరుకి పది కిలోలు, ఆరు మిల్లీమీటర్ల ట్విన్‌వాల్ కిలో మూడొందల గ్రాములు. అంటే గాజుకి చట్రం బలంగా ఉండాలి, బలమైన చట్రానికి పునాది లోతుగా ఉండాలి, ఖర్చంతా కంటికి కనబడని చోట పెరుగుతుంది.

ఇక పైనుంచి పడేవాటి సంగతి. కోనసీమలో కొబ్బరి చెట్టు లేని పెరడు వెతకడం కష్టం. పన్నెండు మీటర్ల ఎత్తు నుంచి రాలిన కాయ నేలకి చేరేసరికి గంటకి 55 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. మామూలు గాజు అయితే కత్తుల్లాంటి పెంకులవుతుంది. కప్పుకి గాజే కావాలని పట్టుబడితే టఫెన్డ్ గాజు తప్ప ఇంకోటి వాడకూడదు. అది నాలుగైదు రెట్లు బలం, పగిలినా మొద్దు ముక్కలై రాలుతుంది. దాన్ని తయారయ్యాక కోయడం కుదరదు కాబట్టి కొలత ముందే కచ్చితంగా ఇవ్వాలి. అంగుళం తేడా వస్తే ఆ గాజు ఇంట్లో టీపాయ్ అవుతుంది.

పాలీకార్బొనేట్ దెబ్బకి గాజుకంటే 200 రెట్లు గట్టిదని చెప్పే మాట గట్టి షీటు గురించి, అంటే లోపల ఖాళీ లేని ఒంటి పలక గురించి. ట్విన్‌వాల్‌లో ఒక్కో పొర సన్నం. కొబ్బరికాయ దాన్ని సొట్ట పెడుతుంది, ఒక్కోసారి కన్నం పెడుతుంది కూడా. కాకపోతే పెంకులు రాలవు, మొక్కల మధ్య మోకాళ్ల మీద కూర్చున్న మనిషి తల పగలదు. ఒక షీటు మార్చుకుంటే సరిపోతుంది. డెల్టా పెరట్లో నా ఓటు పాలీకార్బొనేట్‌కి పడటానికి ఈ ఒక్క కారణం చాలు. దాని లోపాలు తెలియక వేసిన ఓటు మాత్రం కాదు.

ఈ పదార్థం 1953లో పుట్టింది. జర్మనీలో బేయర్ కంపెనీలో హెర్మన్ ష్నెల్, అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్‌లో డేనియల్ ఫాక్స్, ఒకరికొకరు తెలియకుండా కొద్ది రోజుల తేడాతో కనిపెట్టారు. అప్పటినుంచీ దానికున్న జబ్బు ఒకటే, అతినీలలోహిత కిరణాలు. ఎండకి పసుపెక్కి, పెళుసుబారి, మసకబారుతుంది. అందుకని తయారుచేసేటప్పుడే షీటు ఒక వైపు, మీ వెంట్రుక మందం కూడా లేని రక్షణ పొర పోస్తారు. ఆ పొర సాధారణంగా ఒకే వైపు ఉంటుంది. ఏ వైపో చెప్పేది పైన అంటించిన ప్లాస్టిక్ కాగితం మీది అచ్చు. షీటు బిగించే కుర్రాడు ముందుగానే కాగితాలన్నీ పీకేసి, షీటు ఏ వైపైతే ఏముందని బిగించేస్తే, పదేళ్ల గ్యారంటీ షీటు రెండు మూడేళ్లకే టీ రంగుకొస్తుంది. గ్యారంటీ కాగితంలో దీనికి ఒక చిన్న అక్షరాల వాక్యం ముందే రాసిపెట్టి ఉంటుంది. పీకే ముందు పెన్సిల్‌తో ఒక గుర్తు పెట్టుకుంటే చాలు.

రెండో జబ్బు పాచి. ట్విన్‌వాల్ లోపలి గొట్టాల్లాంటి గదులు వాలు వెంబడి, పైనుంచి కిందికి ఉండాలి. అడ్డంగా వేస్తే లోపల చేరిన తేమ దిగే దారి లేక నిలిచిపోతుంది. మన తేమలో ఒక్క వానాకాలం గడిస్తే షీటు లోపల పచ్చటి చారలు వస్తాయి. లోపలి పాచిని కడగడం మీ తరం కాదు, నా తరం కాదు. పై అంచుని అల్యూమినియం టేపుతో పూర్తిగా మూయాలి, కింది అంచుకి నీరు కారనిచ్చి పురుగుని రానివ్వని చిల్లుల టేపు వేయాలి. చాలాచోట్ల రెండు అంచులకీ ప్యాకింగ్ టేపు అంటించి చేతులు దులుపుకుంటారు. వాలు మీటరుకి కనీసం పది సెంటీమీటర్లు ఉండేలా చూడండి. ఫ్లాటుగా వేస్తే అందంగా ఉంటుందని ఎవరైనా అంటే ఆకు చెత్త ఎవరు తీస్తారో అడగండి.

మూడోది సాగుడు. పాలీకార్బొనేట్ గాజుకంటే ఏడెనిమిది రెట్లు ఎక్కువ వ్యాకోచిస్తుంది. మూడు మీటర్ల షీటు జనవరి తెల్లవారుజాముకీ మే మధ్యాహ్నానికీ మధ్య, 40 డిగ్రీల తేడాలో (ఎండలో షీటు గాలికంటే బాగా వేడెక్కుతుంది కాబట్టి), దాదాపు ఎనిమిది మిల్లీమీటర్లు పెరుగుతుంది. స్క్రూ కోసం చేసే కన్నం స్క్రూ కంటే మూడు నాలుగు మిల్లీమీటర్లు పెద్దది ఉండాలి, పైన వెడల్పు వాషర్ ఉండాలి. బిగుతుగా దిగ్గొట్టిన షీటు మధ్యాహ్నం పెళపెళమని చప్పుడు చేస్తుంది, కొన్నాళ్లకి కన్నం దగ్గర చీలుతుంది. వాషర్ కింద పీవీసీ రబ్బరు వాడకండి, దానిలోంచి కారే రసాయనం షీటుని తినేస్తుంది; ఈపీడీఎం రబ్బరు అడగండి. శుభ్రం చేయడానికి సబ్బునీళ్లూ మెత్తటి గుడ్డా చాలు. థిన్నర్, అమ్మోనియా ఉన్న అద్దాల లిక్విడ్ దాని జోలికి రాకూడదు.

రంగు గురించి ఒక్క మాట. కారు షెడ్లకి వేసే నీలం, ఆకుపచ్చ షీటు ఇంటి ముఖానికి మ్యాచింగ్ అని పెరట్లోకీ పాకుతోంది. ఆకు ఆకుపచ్చగా కనిపిస్తోందంటేనే ఆ వెలుగుని అది ఎక్కువగా వాడుకోవడం లేదని అర్థం. మొక్కకి తక్కువ పనికొచ్చే రంగునే ఏరి దాని మీద పోయడం ఎందుకు? పాల రంగు షీటు వేయండి. అది ఎండని చెదరగొట్టి అన్ని వైపులా సమంగా పంచుతుంది, ఆకు మీద మాడిన మచ్చలు రావు.

ఇవన్నీ సముద్రమట్టానికి కాస్త పైన ఉన్న మన డెల్టాకి. ఇదే రాష్ట్రంలో చింతపల్లి దగ్గర లంబసింగిలో స్థలం ఉంటే మాట మారుతుంది. అక్కడ శీతాకాలం రాత్రులు ఒక అంకె డిగ్రీలకి దిగుతాయి, మూసిన గూటికి అర్థం ఉంటుంది. న్యూజెర్సీలో కరివేపాకు చెట్టుని చలికాలం గట్టెక్కించాలనుకునే తెలుగువాళ్లకయితే పది మిల్లీమీటర్ల ట్విన్‌వాల్ నిజంగానే మంచి జవాబు. కప్పు నుంచి పోయే వేడి ఒంటి గాజుతో పోలిస్తే దాదాపు సగానికి తగ్గుతుంది. అక్కడి పిల్లలు పంపే ఫొటోలో అబద్ధమేమీ లేదు. అది వేరే ఊరి ఫొటో, అంతే.

చివరికి గాలి. కోస్తా ఆంధ్రకి మన కట్టడాల ప్రమాణాలు సెకనుకి 50 మీటర్ల గాలిని లెక్కలోకి తీసుకోమంటాయి, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఆ గాలి చదరపు మీటరుకి 150 కిలోల బలంతో తోస్తుంది. మన ఆరు చదరపు మీటర్ల కప్పుని 900 కిలోల బలంతో పైకి లాగినట్టు. కప్పు బరువు షీటుదైతే ఎనిమిది కిలోలు, గాజుదైతే అరవై. రెండిట్లో ఏదీ తన బరువుతో నిలవదు. నిలబెట్టేది చట్రమూ, కాంక్రీటులో దిగిన కాలూ, ఒత్తుగా పెట్టిన బిగింపులూ. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమలో లక్షల కొబ్బరి చెట్లని పడగొట్టింది. 2018 డిసెంబరు 17న పెథాయ్ తుపాను కాట్రేనికోన దగ్గర తీరం దాటింది. కాబట్టి వెల్డింగ్ షాపులో బేరం ఆడేటప్పుడు షీటు మందం దగ్గర కాకుండా పైపు మందం దగ్గర పట్టుబట్టండి. అంతర్వేది, నర్సాపురం లాంటి ఉప్పుగాలి చోట్ల గాల్వనైజ్ చేసిన పైపే వాడాలి, వెల్డింగ్ చేసిన అతుకుల మీద జింకు పూత మళ్లీ వేయించాలి. తుప్పు మొదలయ్యేది అక్కడే.

తుపాను హెచ్చరిక వచ్చిన రోజు చేయాల్సిన పనికి ఒక వరస ఉంది. ముందు షేడ్‌నెట్ విప్పి చుట్టేయాలి, లేకపోతే అది తెరచాపై చట్రాన్నే పెకలిస్తుంది. తర్వాత షీటు అంచుల స్క్రూలు ఒకసారి తడిమి చూడాలి. ఆ తర్వాత వేలాడే కుండీలన్నీ నేలమీదికి దించాలి. షీటు ఎగిరిపోతే పక్కింటివాళ్లు తెచ్చిస్తారు. కుండీ ఎగిరిపోతే బిల్లు తెచ్చిస్తారు.